ఉస్మాన్‌గంజ్ బోర్డులు: పాత దుకాణాల పేర్లను ఫొటో తీయడం, చదవడం

1. ఈ పాఠం దేని గురించి?

స్థానిక చరిత్రకు ఆధారాలేమిటని పరీక్షలో అడిగితే విద్యార్థులు శాసనాలు, రాతప్రతులు, ప్రభుత్వ దస్త్రాలు, పత్రికలు అని రాస్తారు. జవాబు సరైనదే, మార్కులూ వస్తాయి. కాని ఒక టోకు బజారులో నలభై ఏళ్లు కందిపప్పు అమ్మిన మనిషి పేరు ఈ నాలుగింటిలో దేనిలోనూ కనిపించకపోవచ్చు. నలుగురూ చదివేలా ఆయన పేరు ఉండేది ఒక్క చోటే, దుకాణం నెత్తిన ఉన్న బోర్డు మీద. దాన్ని దించి కొత్త ఫ్లెక్సీ కట్టిన రోజున పాత రేకు తుక్కు సామాను కొట్టుకు పోతుంది. దానితోపాటే ఆ పేరు, ఆ సరుకు, ఆ కాలపు భాష, రాసిన పెయింటర్ చేతి వాటం అన్నీ పోతాయి.

అటువంటి బోర్డులను పోకముందే ఫొటోలుగా ఎలా భద్రపరచాలి, ఫొటో తీసిన తర్వాత వాటిని ఎలా చదవాలి అన్నవి ఈ పాఠంలో చూస్తాం. రెండో పని మొదటిదాని కంటే కష్టం, అందుకే దానికి ఎక్కువ పేజీలు ఇచ్చాను. ఉదాహరణకు హైదరాబాద్‌లోని ఉస్మాన్‌గంజ్‌ను, అక్కడి సరుకు వచ్చే పెద్ద రోడ్లలో ఒకటైన విజయవాడ రోడ్డును తీసుకున్నాను. జిల్లాల నుంచి వచ్చే మీలో చాలామంది మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగుతారు. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా ఉస్మాన్‌గంజ్ నడిచి వెళ్లగల దూరం. ఖర్చు లేదు. కావలసింది ఒక మామూలు ఫోను, ఒక నోటు పుస్తకం, రెండు గంటల ఓపిక.

2. గంజ్ పేరే మొదటి బోర్డు

గంజ్ అంటే ధాన్యం, పప్పులు, కిరాణా సరుకులు టోకున అమ్మే బజారు. తెలంగాణ పట్టణాల్లో ఈ మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. మూసీకి ఉత్తరం ఒడ్డున దగ్గర దగ్గరగా మూడు గంజ్‌ల పేర్లు వినిపిస్తాయి. అఫ్జల్‌గంజ్‌కు అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా పేరు, మహబూబ్‌గంజ్‌కు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు, ఉస్మాన్‌గంజ్‌కు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు వచ్చాయి. అంటే ఒక నడకలో మూడు తరాల పాలకుల పేర్లు చదివేస్తారన్న మాట. ఏడవ నిజాం 1911లో గద్దెనెక్కాడు. ఆ పేరు బజారుకు రావడం ఆ తర్వాతి సంగతే.

దీనికి ఎదురు ఉదాహరణ కాస్త దూరంలోనే ఉంది. ఆరవ నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం వల్ల ఆ ప్రాంతానికి ఆబిడ్స్ అనే పేరు వచ్చింది. చివరి 'స్' అన్నది ఇంగ్లీషు షష్ఠీ విభక్తి, 'ఆబిద్ గారి' దుకాణం అని. దుకాణం ఎప్పుడో పోయింది, బోర్డూ పోయింది, బోర్డు మీది విభక్తి ప్రత్యయం మాత్రం సిటీ బస్సుల నుదుటి మీద నేటికీ తిరుగుతోంది. గంజ్ పేరు పాలకుడి నుంచి బజారుకు దిగింది. ఆబిడ్స్ పేరు దుకాణం బోర్డు నుంచి ఊరికి ఎక్కింది. మీ పట్టణంలో రెండో రకం పేర్లు వెతకండి. ఏ హోటలు, ఏ సినిమా హాలు లేకుండా పోయినా కండక్టర్ల నోట స్టాపు పేరుగా మిగిలిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

పేరు ఎంత బరువైనదో చెప్పడానికి ఇంకొక్క ఉదాహరణ. ఉస్మాన్‌గంజ్ పక్కనే ఉన్న మొజంజాహీ మార్కెట్ దగ్గర 1953లో ప్రారంభమైన కరాచీ బేకరీ దేశ విభజన తర్వాత వచ్చిన సింధీ కుటుంబానిది. వదిలి వచ్చిన ఊరి పేరు బోర్డుకెక్కింది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి జరిగిన తర్వాత బెంగళూరులోని వారి శాఖ ముందు కొందరు గుమిగూడి పేరు మార్చమన్నారు, బోర్డు మీది 'కరాచీ' అన్న మాటను కప్పివేయవలసి వచ్చింది. కాందిశీకుల జ్ఞాపకంగా మొదలైన మాటను అరవై ఆరేళ్ల తర్వాత శత్రుదేశపు మాటగా చదివారు. బోర్డు అదే, చదివేవారు మారారు. చరిత్ర విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠ్యభాగం దొరకడం కష్టం.

3. బోర్డు దేనితో చేశారు?

ఫొటో తీసే ముందు చేతికందే దూరంలో నిలబడి బోర్డు ఏ వస్తువుతో చేసినదో గుర్తించండి. పాతవాటిలో గట్టివి ఎనామెల్ పలకలు. ఇనుప రేకు మీద రంగు కలిపిన గాజు పొడి పూసి దాదాపు 800 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అందుకే రంగు వెలవదు. పెచ్చు ఊడిన చోట మాత్రమే తుప్పు పట్టి, గుండ్రని గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. సబ్బులు, టీ, సిగరెట్లు, బ్యాటరీల కంపెనీలు ఇటువంటివి దుకాణాలకు ఇచ్చేవి. రెండో రకం, భవనం కట్టినప్పుడే గోడ మీద సున్నంతోనో సిమెంటుతోనో ఉబ్బెత్తుగా పోసిన అక్షరాలు. వీటిని దించలేరు, సున్నం వేసి కప్పేయగలరు. మూడోది మనకు ముఖ్యమైనది: రేకు మీద, చెక్క మీద, షట్టరు మీద కుంచెతో రాసినది.

కుంచె బోర్డు ఎలా రాస్తారో తెలిస్తే ఫొటోలో ఏం చూడాలో తెలుస్తుంది. ముందు రేకును గీకి, ఎర్రమన్ను రంగులో ఉండే రెడాక్సైడ్ పూస్తారు. అది ఆరాక నేపథ్యపు రంగు రెండు పూతలు. సుద్ద పూసిన దారాన్ని బిగబట్టి టప్పున వదిలితే అక్షరాలకు పై గీత, కింది గీత పడతాయి. సుద్దతో అక్షరాల గుర్తులు పెట్టుకొని చదును కుంచెతో నింపుతారు. చివరగా ఒక పక్కన నీడ. మంచి పెయింటర్ బోర్డంతటా నీడను ఒకే వైపు వేస్తాడు. అది తప్పిన చోట తర్వాత ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. చాలామంది కుడి దిగువ మూలలో చిన్న అక్షరాలతో తమ పేరో, 'ఆర్ట్స్' అని చివర వచ్చే తమ దుకాణం పేరో రాసుకునేవారు. ఆ మూలను తప్పకుండా విడిగా ఫొటో తీయండి. దుకాణదారుడి పేరు రెండంగుళాలో, అడుగో ఉంటుంది. రాసినవాడి పేరు అరంగుళం. పోయేటప్పుడు రెండూ కలిసే పోతాయి.

తెలుగు అక్షరం పెయింటర్‌ను పెట్టే ఇబ్బంది ఒకటుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు రెండు గీతల మధ్య సరిగ్గా ఇమిడిపోతాయి. తెలుగులో పైన గుడి, ఏత్వం, కింద వత్తులు. 'స్టోర్స్' అని రాయాలంటే పైకీ కిందికీ చోటు కావాలి. అందువల్ల ఒకే ఎత్తు గల బోర్డులో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం కంటే చిన్నదిగా వస్తుంది, దూరం నుంచి ఇంగ్లీషే ముందు కనిపిస్తుంది. నేర్పరి పెయింటర్లు వత్తును పక్కకు జరిపి, చదును చేసి, ఒక్కోసారి ముందు అక్షరం కడుపులోకి దూర్చి ఈ ఇబ్బంది దాటారు. 'మర్చంట్స్' అనే మాట పది బోర్డుల మీద ఎలా రాశారో పక్కపక్కన పెట్టి చూడండి. పది పరిష్కారాలు కనిపిస్తాయి. కంప్యూటర్ ఖతి వచ్చాక పరిష్కారం ఒక్కటే అయింది. బాపు చేతిరాత పత్రికల నుంచి, సినిమా పోస్టర్ల నుంచి బోర్డులకు దిగివచ్చిన తీరు కూడా గమనించవలసిందే. ఆయన పేరు తెలియని పెయింటర్లు కూడా ఆయన 'ళ', ఆయన 'క్ష' వేసేవారు.

ఉర్దూ సంగతి వేరు. నస్తాలిక్ లిపిలో ప్రతి మాటా కుడివైపు పై నుంచి ఎడమవైపు కిందికి జారుతుంది. దాన్ని సాధారణంగా వేరే చెయ్యి రాసేది, కాతిబ్ అనబడే లేఖకుడిది. పాతబస్తీలోని ఛత్తాబజారు ఈ పనికి పేరు పొందింది. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ పని క్రమంగా కంప్యూటర్ మీదికి మారింది. ఒకే బోర్డు మీద ఉర్దూ అక్షరం సన్నగా, నిండుగా మారుతూ సాగి, తెలుగు అక్షరం మందంగా ఒకే తీరున ఉంటే అక్కడ ఇద్దరు మనుషులు పనిచేసి ఉండవచ్చు.

4. బోర్డు ఏ కాలానిది?

విద్యార్థులు మొదట చూసేది 'స్థాపితం' అన్న మాట పక్కనున్న సంవత్సరం. అది దుకాణం తన గురించి చెప్పుకునే మాట, బోర్డు వయసు కాదు. నిన్న కట్టిన ఫ్లెక్సీ మీద కూడా 1946 అని ఉండవచ్చు. బోర్డు వయసు చిన్న అక్షరాల్లో దాగి ఉంటుంది.

టెలిఫోన్ నంబరుతో మొదలుపెట్టండి. 2002–03 ప్రాంతంలో దేశమంతటా పాత ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 2 చేర్చారు. అప్పటికి ఏడంకెలున్న హైదరాబాద్ నంబర్లు ఎనిమిదంకెలయ్యాయి. ఏడంకెల నంబరుంటే అది అంతకు ముందు రాసినది. అయిదో ఆరో ఉంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. కొన్ని బోర్డుల మీద మొదటి 2 మాత్రం ఇరుకుగా, వేరే రంగులో, దూర్చినట్లు కనిపిస్తుంది. చూసేవారికి అది వికారం, మనకు బంగారం. బోర్డు ముందుది, దిద్దుబాటు తర్వాతది అని అదే చెబుతుంది. 'మొబైల్' అనో 'సెల్' అనో పది అంకెలుంటే 1995 తర్వాతిదే, ఎందుకంటే మన దేశంలో మొబైల్ సేవలు మొదలైంది ఆ ఏడాదే.

తర్వాత చిరునామా. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. అంతకు ముందు 'హైదరాబాద్-1', 'హైదరాబాద్-12' అని రాసేవారు. ఆ సంఖ్యలే పిన్‌కోడ్ చివర కలిసిపోయాయి: ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు 500001, బేగంబజారు 500012. కాని అలవాటు వెంటనే పోదు, 1980లలో రాసిన బోర్డుల మీద కూడా పాత పద్ధతి కనిపిస్తుంది. కనుక పిన్‌కోడ్ ఉంటే '1972కు ముందు కాదు' అని ధైర్యంగా చెప్పవచ్చు. లేకపోతే ఏమీ చెప్పలేం. ఈ తేడా బాగా పట్టుకోండి. ఒక గుర్తు ఉండటం రుజువు. లేకపోవడం చాలాసార్లు మౌనం మాత్రమే.

ఊరి పక్కన 'దక్కన్' అని ఉంటే పాత వాసన. సింధు ప్రాంతపు హైదరాబాద్ నుంచి వేరు చేయడానికి పుట్టిన అలవాటు అది. నాంపల్లి స్టేషన్ పేరులో ఇంకా మిగిలి ఉంది. 'ఏ.పి.' అని ఉంటే అలవాటుకొద్దీ రాసినవి తప్ప, 2014 జూన్ 2కు ముందువి. 'బొంబాయి', 'మద్రాసు' అని ఉంటే 1995, 1996 సంవత్సరాలు గుర్తుకు రావాలి. ఆ పేర్లు అధికారికంగా మారినవి అప్పుడు. ఇక్కడ మాత్రం తొందరపడవద్దు, వ్యాపారులు నోటి అలవాటు త్వరగా వదలరు.

పన్నుల నంబర్లు ఇంకా నమ్మకమైనవి, ఎందుకంటే వాటిని ఎవరూ సరదాకు రాయించరు. వ్యాట్ మన రాష్ట్రంలో 2005 ఏప్రిల్ 1న వచ్చింది. దానితో పదకొండంకెల టిన్ నంబరు వచ్చింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక పదిహేను అక్షరాల నంబరును దుకాణం ప్రవేశం దగ్గరి పేరు పలక మీద చూపాలని నిబంధన పెట్టారు. తెలంగాణ నంబరు 36తో మొదలవుతుంది. పాత కుంచె బోర్డు కింద మేకులు కొట్టిన చిన్న కొత్త రేకు కనిపిస్తే అందులో ఏముందో చదవకుండానే చెప్పవచ్చు. ఆ చిన్న రేకుతో సరిపెట్టుకున్నవారు పాత బోర్డును కాపాడినట్లే. 'ఎలాగూ మార్చాలి కదా' అనుకున్నవారు మొత్తం ఫ్లెక్సీ చేయించారు.

తూకాలను మరవవద్దు. 1958 నుంచి దశలవారీగా మెట్రిక్ పద్ధతి వచ్చింది. సేరు, మణుగు అని ఎక్కడైనా రాసి ఉండి, అది నిజంగా పాత రంగే అయితే మీరు అదృష్టవంతులు.

ఇక భాషల వరస. ఆసఫ్‌జాహీ పాలన చివరి దశాబ్దాల్లో ఇక్కడ ఉర్దూ రాజభాష. 1948 సెప్టెంబరు తర్వాత ఆ స్థానం సడలింది, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 1966లో తెలుగును అధికార భాషగా చేసే చట్టం వచ్చింది. దుకాణాల పేరు పలకలు తెలుగులో ఉండాలని 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద చేసిన నిబంధనలు చెబుతాయి. అయినా ఉస్మాన్‌గంజ్ వీధిలో నిలబడితే తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ నాలుగూ కనిపిస్తాయి. ఏ భాష పైన, ఏది పెద్దది, ఏది తర్వాత చేర్చినది అన్నవి రాసుకోండి. చట్టం ఒక వరస చెబుతుంది. గుమ్మం ఎక్కే ఖాతాదారుడు ఇంకొక వరస చెబుతాడు. బోర్డు ఆ రెండింటి మధ్య కుదిరిన రాజీ.

అక్షరక్రమం కూడా సాక్ష్యమే. ఈ బజారు పేరు 'ఉస్మాన్‌గంజ్' అని కొన్ని చోట్ల, 'ఒస్మాన్‌గంజ్' అని కొన్ని చోట్ల కనిపిస్తుంది. చెవితో విన్నవాడు, ఉర్దూ తెలిసినవాడు 'ఉ' రాస్తాడు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి దించుకున్నవాడు 'ఒ' రాస్తాడు. ఒక్క అచ్చుతో పెయింటర్ ముందున్న చీటీ ఏ భాషలో ఉందో ఊహించవచ్చు. అందుకే బోర్డు మీది మాటలను నోటు పుస్తకంలో ఎక్కించేటప్పుడు 'తప్పులు' దిద్దకండి. 'ఓల్‌సేల్' అని ఉంటే 'ఓల్‌సేల్' అనే రాయండి.

5. ఫొటో తీసే పద్ధతి

కెమెరా గొప్పది కానక్కరలేదు, అలవాటు మంచిది కావాలి. ఒక్కో బోర్డుకు కనీసం మూడు ఫొటోలు: భవనం మొత్తం, బోర్డు మాత్రమే, దగ్గరగా ఒక వివరం. కొత్తవారు మధ్యది ఒక్కటే తీస్తారు, అందంగా వస్తుంది కాబట్టి. కాని పరిశోధనకు మొదటిదే ప్రాణం. ఏ అంతస్తు మీద ఉంది, పక్క దుకాణం ఏది, కింద ఏ సరుకు పరచి ఉంది అన్నవి అందులోనే ఉంటాయి.

బోర్డు కింద నిలబడి ఫోను పైకెత్తి తీస్తే పై అంచు చిన్నదై అక్షరాలు వెనక్కి వాలతాయి. రోడ్డు అవతలికి వెళ్లి, వీలైతే ఎదురు భవనం మెట్ల మీది నుంచి, బోర్డుకు సమాంతరంగా పట్టి కొద్దిగా జూమ్ చేయండి. ఎనామెల్ పెయింటు మెరుస్తుంది. మబ్బు పట్టిన రోజు మంచిది, లేదా ఒక అడుగు పక్కకు జరగండి. వెలిసిపోయిన గోడ రాతలకు మాత్రం ఏటవాలు వెలుగు కావాలి, అంటే పొద్దున్నే లేదా సాయంత్రం. అప్పుడు రంగు పోయినా కుంచె మందం నీడగా కనిపిస్తుంది. గోడ మీద నీళ్లు చల్లితే అక్షరాలు తేలతాయని కొందరు చెబుతారు. ఆ పని చేయకండి, గోడ మీది కాదు. ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి కాంట్రాస్ట్ పెంచినా పాత పొరలు బయటపడతాయి. అయితే అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు మీద చేయండి.

ఉస్మాన్‌గంజ్‌కు రెండుసార్లు వెళ్లాలి. షట్టర్లు వేసి ఉండగా ఒకసారి, ఎందుకంటే షట్టరు మీది రాత అప్పుడే కనిపిస్తుంది. వ్యాపారం నడుస్తుండగా మరొకసారి, లోపలి గోడ మీది పాత పలకలు అప్పుడే కనిపిస్తాయి. పగటి పూట తోపుడుబండ్లు, ట్రాలీలు, బస్తాలు మోసే హమాలీలతో వీధి కిక్కిరిసి ఉంటుంది. బరువుతో వచ్చేవారికి ముందు దారి ఇవ్వండి. బండి అడ్డొచ్చిందని విసుక్కోవద్దు, దాని నంబరు ప్లేటే మీ ఫొటోకు తారీఖు కావచ్చు. రాష్ట్రపు కోడ్ ఏపీ నుంచి 2014లో టీఎస్‌కు, 2024లో టీజీకి మారింది. బస్తాల మీది అచ్చులు కూడా తీయండి, అవి నడిచే బోర్డులు.

ఫైలును వాట్సాప్‌లో పంపి దాచుకుంటే నాణ్యత తగ్గుతుంది, లోపల నమోదైన తారీఖు, సమయం, స్థలం పోతాయి. అసలు ఫైలును కార్డులోనో కంప్యూటర్‌లోనో పెట్టి, పేరులోనే తారీఖు, వీధి రాయండి.

6. రోడ్డు వెంట

ఇటువంటి పనిని జీవితమంతా చేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాలో 1956 చట్టంతో పెద్ద అంతర్రాష్ట్ర రహదారులు వచ్చి పాత రోడ్ల మీది ఊళ్లను పక్కన పెట్టేశాయి. ఆ ఊళ్లలోని పెట్రోలు బంకులు, మోటెళ్లు, భోజనశాలలు, వాటి బోర్డులు ఒక్కొక్కటిగా మూతపడుతుంటే జాన్ మార్గోలీస్ కారులో లక్ష మైళ్లకు పైగా తిరిగి వాటిని ఫొటో తీశాడు. పొద్దుటి వెలుగు, నీలాకాశం, నిదానంగా పనిచేసే ఫిల్ము, సాధ్యమైనంత వరకు మనుషులు లేని దృశ్యం ఆయన పద్ధతి. 1969 నుంచి 2008 వరకు తీసిన 11,710 స్లైడులు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆయన పద్ధతిలో ఒక్కటి మనం తీసుకోనక్కరలేదు: మనుషులను తప్పించడం. మన బజారులో మనిషి లేని బోర్డు సగం బోర్డే.

మనకూ అటువంటి రోడ్డు ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ. గుంటూరు మిర్చి వంటి సరుకు నగరానికి వచ్చే దారుల్లో ఇదొకటి. నాలుగు వరసలుగా వెడల్పు చేసినప్పుడు అంచున ఉన్న గోడలతోపాటు వాటి మీది సిమెంటు, విత్తనాలు, పురుగుమందుల ప్రకటనలు పోయాయి. మిగిలినవి చూడాలంటే ఊరిలోపలి పాత రోడ్డు పట్టుకోవాలి. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, పసుపు రంగు ఎస్టీడీ బూతు బోర్డు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడే.

రోడ్డు మీద తేదీలు పట్టడం బజారులో కంటే సులువు. 2010లో జాతీయ రహదారుల అంకెలు మారినప్పుడు ఈ 9వ నంబరు రహదారి 65 అయింది. ధాబా బోర్డు మీద 9 ఉంటే పాతదో, పాత అలవాటో. సూర్యాపేట బోర్డు మీద 'నల్గొండ జిల్లా' అని ఉంటే 2016 అక్టోబరు 11కు ముందుది. జగ్గయ్యపేట, నందిగామ బోర్డుల మీద 'కృష్ణా జిల్లా' అని ఉంటే 2022 ఏప్రిల్ 4కు ముందుది. ఆ రోజు అవి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి.

సొంత వాహనం లేనివారు బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, గోడలు ఆ వైపే దగ్గర. కదిలే బస్సులోంచి తీసింది ఆధారంగా పనికిరాదు, గుర్తుగా పనికొస్తుంది. బోర్డు కనిపించిన చోట పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి మీది అంకె రాసుకొని, తిరుగు ప్రయాణంలో దిగి తీయండి. రహదారి మీద వెనక్కి నడుస్తూ ఫొటో తీయవద్దు. ఇది పాఠంలో రాయవలసిన మాటేనా అంటే, రాయవలసిందే.

7. అడగడం

బహిరంగ వీధిలోంచి బోర్డు ఫొటో తీయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదని మీ స్నేహితులు చెబుతారు. కావచ్చు. కాని మీరు తీసేది ఒకరి గుమ్మం. ఫోను పైకెత్తగానే గల్లా దగ్గరి నుంచి ఒక ప్రశ్న వస్తుంది: "ఏం సార్, మున్సిపాలిటీ నుంచి వచ్చిన్రా?" ఆ అనుమానానికి కారణాలున్నాయి. బోర్డు సైజును బట్టి ప్రకటనల రుసుము అడుగుతారని భయం, పన్నుల శాఖ వారని భయం. దశాబ్దాల నాటి అద్దె దుకాణమైతే ఎవరి పేరు ఎప్పటి నుంచి బోర్డు మీద ఉందన్నది కోర్టు తగాదాలో సాక్ష్యం కావచ్చు. కనుక ముందు లోపలికి వెళ్లి, "సేఠ్, నమస్తే" అనో "అన్నా" అనో పలకరించి, ఫలానా కోర్సు చదువుతున్నామని చెప్పి, గుర్తింపు కార్డు చూపండి. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఒప్పుకున్నవారిని ఒకే ప్రశ్నతో కదిలించవచ్చు: ఈ బోర్డు ఎవరు రాశారు? 'ఎప్పుడు' అని అడిగితే ఒక సంవత్సరం చెప్పి ఊరుకుంటారు. 'ఎవరు' అని అడిగితే కథ వస్తుంది. ఒక అడ్తి దుకాణంలో పెద్దాయన నాకు చెప్పిన సంగతి: వాళ్ల నాన్న 'అండ్ సన్స్' అని బోర్డు రాయించిన నాటికి ఈయన ఒక్కడే కొడుకు. పెయింటర్ "సన్ అనాలి కదా సేఠ్" అంటే, "రాసెయ్, చోటు వదిలితే బాగుండదు" అన్నాడట. తమ్ముడు పుట్టనే లేదు. బోర్డు మీద మాత్రం ఆ బహువచనం ఇప్పటికీ ఉంది. ఇటువంటిది ఏ కెమెరాకూ దొరకదు, ఫొటో పక్కన రాసిన నాలుగు వాక్యాలకే దొరుకుతుంది.

ఒక హెచ్చరిక కూడా ఇవ్వాలి. ఎనామెల్ పలకలకు పాత వస్తువుల వ్యాపారంలో గిరాకీ ఉంది. ఖచ్చితమైన చిరునామాతో ఫొటోను అందరికీ పంచితే కొనుగోలుదారు మీ వెనకే వస్తాడు, కొనకుండా తీసుకుపోయేవాడూ వస్తాడు. ఆ పలక ఏ కాఫీ షాపు గోడ మీదికో చేరితే అలంకారం అవుతుంది. ఏ వీధిలో, ఏ సరుకు పైన, ఎవరి కోసం వేలాడిందో చెప్పే శక్తి పోతుంది. మీ నోటు పుస్తకంలో పూర్తి చిరునామా ఉంచండి, బయటికి వీధి పేరు చాలు.

దేశంలో కుంచె అక్షరాలను ఖతులుగా భద్రపరచే ప్రయత్నం చేసినవారిలో హనీఫ్ ఖురేషీ ముఖ్యుడు. వీధి పెయింటర్ల అక్షరాలను వారి పేర్లతోనే కంప్యూటర్‌కు ఎక్కించాడు. 2024లో మరణించాడు. తెలుగు పెయింటర్ల పేర్లతో అటువంటి పని పెద్ద ఎత్తున ఇంకా జరగవలసి ఉంది. మొదటి మెట్టు మూలలోని ఆ అరంగుళం సంతకాల జాబితాయే.

8. అభ్యాసం

మీ పట్టణంలో గాని, ఉస్మాన్‌గంజ్‌లో గాని కుంచెతో రాసిన అయిదు బోర్డులు ఎంచుకోండి. ఒక్కోదానికి మూడు ఫొటోలు, బోర్డు మీది మాటలు ఉన్నవి ఉన్నట్లు, భాషల వరస, దేనితో చేశారు అన్నవి రాయండి. వయసు అంచనా వేసేటప్పుడు 'ఫలానా ఏడాదికి ముందు కాదు', 'ఫలానా ఏడాది తర్వాత కాదు' అని రెండు హద్దులు పెట్టి, ప్రతి హద్దుకు ఏ గుర్తు ఆధారమో చెప్పండి. హద్దు పెట్టలేకపోతే పెట్టలేనని రాయండి, దానికి మార్కులు పోవు. అయిదింటిలో కనీసం ఒకదానికి పెయింటర్ ఎవరో కనుక్కోండి. ఆయన జీవించి ఉంటే వెళ్లి కలవండి, ఆయన రాసిన మిగతా బోర్డులు ఎక్కడున్నాయో అడగండి, ఆ జాబితాను మీ అధ్యయన కేంద్రంలో కౌన్సెలర్‌కు విడిగా ఇవ్వండి.